నగరి బస్సులో పోయిన పేర్ల పుస్తకం

పోయిన నెల తిరుపతిలో యువ పాస్టర్లకు మూడు రోజుల శిక్షణ తరగతులు పెట్టి, పాతకాలపు మనిషిని కదా అని ఒక పూట నన్ను కూడా పిలిచారు. కొత్త ఊరిలో సంఘం ఎలా మొదలుపెట్టాలి, మొదలైంది ఆరిపోకుండా ఎలా చూసుకోవాలి, పెద్దలను ఎలా ఎంచుకోవాలి అని ఒక అరగంట నాచేత చెప్పించుకున్నారు, శాలువా కప్పారు, టీ ఇచ్చారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మేనల్లుడి వరసయ్యే ఒక పాస్టరు నా పక్కన కూర్చుని, సంఘాలన్నింటికీ కలిపి వాళ్లు చేయించుకున్న యాప్ ఫోనులో చూపించాడు. ప్రార్థనకు వచ్చే ప్రతి మనిషి పేరు, వీధి, ఫోను నంబరు, ఫోటో అన్నీ అందులో ఎక్కించాలట. వేలితో పైకి తోస్తూ పోతుంటే చివర్లో ‘కుటుంబ సభ్యులకు తెలుసా?’ అని ఒక గడి కనిపించింది. దాని పక్కన ఎర్ర గుర్తు. అంటే అది నింపకపోతే ముందుకు పోనివ్వదట. నా చేతిలో గ్లాసు ఒరిగి టీ పంచె మీద ఒలికింది. వయసు మీద పడిందనుకున్నాడు పాపం, రుమాలు తెచ్చి తుడిచాడు. వయసు కాదురా అబ్బాయ్, మన జిల్లాలో ఆ గడి మొదట గీసిన ప్రబుద్ధుణ్ణి నేనే అని చెప్పబోయి, చెప్పకుండానే గ్లాసు కింద పెట్టేశాను. ఆ పూట చెప్పలేనిది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేను స్వతహాగా పిరికివాణ్ణి. ఇది ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక. మా నాయన మిషన్ బడిలో పంతులు. ఆయన బెత్తానికి భయపడి అక్షరాలు గుండ్రంగా రాయడం నేర్చుకున్నాను, ఆ గుండ్రటి అక్షరాలే నాకు ఉద్యోగం ఇప్పించాయి. తిరుపతిలో రైల్వే స్టేషను వెనక వీధిలో రెండు గదుల ఆఫీసులో, మా సంఘాల పెద్దయ్యగారి దగ్గర గుమాస్తాగా చేరాను. పాస్టరుగారిని మేము అయ్యగారు అంటాం. జిల్లాలోని మా అయ్యగార్లందరికీ ఆయన పెద్ద గనుక పెద్దయ్యగారు. ఆయనకు జిల్లా అంతా చొక్కా జేబులోనే ఉండేది. ఏ ఊళ్లో ఎవరు బాప్తిస్మం తీసుకున్నారో, ఎవరింట్లో జబ్బుందో, వచ్చే ఆదివారం ఏ పల్లెకు ఎవరు పోవాలో, అన్నీ బస్సు టిక్కెట్ల వెనకా పెళ్లి పత్రికల అంచుల మీదా రాసుకునేవారు. బట్టలు ఉతికే రోజున ఆయన భార్య అమ్మగారు ముందు జేబులు తడిమి, ఆ చీటీలన్నీ తీసి కిటికీ గట్టున పెట్టాకే బకెట్టులో నీళ్లు పోసేవారు.

మేం నవ్వుకునేవాళ్లం గానీ, దాని వల్ల జరిగిన నష్టం నవ్వులాట కాదు. కార్వేటినగరం అవతల ఒక పల్లెలో ప్రార్థన కూటమంతా ఒకే ఒక మనిషి మీద నడిచేది. ఆయన పాము కరిచి పోయాడు. ఎవరికి ఎంతవరకు నేర్పాడో, ఎవరిని బాప్తిస్మానికి సిద్ధం చేస్తున్నాడో, ఆఖరికి పాక తాళంచెవి ఎక్కడ పెట్టేవాడో కూడా ఇంకొకరికి తెలియదు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ పాకలో ఎవరో పశువులకు వేరుశనగ కట్టె వేసుకున్నారు. పెద్దయ్యగారు వెళ్లి చూసి వచ్చి, భోజనం ముందు కూర్చుని కూడా తినలేక, నీకు రాయడం వచ్చు గదా నాయనా, ఏదో ఒకటి చెయ్యి అన్నారు.

చేశాను. ఒళ్లు మరిచిపోయి చేశాను. ప్రతి ఊరికీ ఒక నోటు పుస్తకం, వాటన్నిటికీ కలిపి ఆఫీసులో ఒక పెద్ద రిజిస్టరు. ఏ కూటానికైనా ఒకరు కాదు, ముగ్గురు పెద్దలుండాలి. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలిసి తీరాలి. మూడు నెలల ముందే ఏ ఆదివారం ఎవరు ఏ ఊళ్లో వాక్యం చెప్పాలో రాసి గోడకు అంటించే పెద్ద కాగితం. నెలలో మొదటి సోమవారం అందరూ నోటు పుస్తకాలు తీసుకుని తిరుపతి రావాలి. ఆ సోమవారాలు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది సుమా! పులికాట్ ఒడ్డు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఎండు రొయ్యల పొట్లం తెచ్చేవాడు, అమ్మగారు వంకాయలో వేసి పులుసు పెట్టేవారు, వరండాలో వరసగా కూర్చుని తినేవాళ్లం. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేసి, ఆ సిరా వేలు తలకు తుడుచుకునేవాళ్లు. ఏడాది తిరిగేసరికి కొత్తగా మొదలైన కూటం ఒక్కటి కూడా మూతపడలేదు. నేనొక గొప్పవాణ్ణని నాకే అనిపించడం మొదలైంది.

ఆ గడి సంగతికి వస్తాను. పుత్తూరు దగ్గర మా పెద్ద ఒకాయన, కొత్తగా కూటానికి వస్తున్న ఒకింటి కోడలు రెండు వారాలు కనపడలేదని నేరుగా వాళ్లింటికి వెళ్లి, ప్రార్థనకు రాలేదేమమ్మా అని వాళ్ల బావ ఎదుటే అడిగేశాడు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా వస్తోందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మర్నాడే ఆ పిల్లను పుట్టింటికి పంపించేశారు. ఆమె ఏమైందో మాకు ఇప్పటికీ తెలియదు. ఇంకెవరూ అలాంటి పొరపాటు చేయకూడదని, ప్రతి పేరుకూ ఎదురుగా ‘ఇంటివాళ్లకు తెలుసా?’ అని ఒక గడి గీశాను. తెలుసు, లేదా తెలియదు. ‘తెలియదు’ అని ఉన్న ఇంటికి మనవాళ్లెవరూ పోకూడదు. పుస్తకం ఎవరి చేతుల్లోనైనా పడితే మాదని తెలియకూడదని అట్ట మీద సంఘం పేరు గానీ, ఆఫీసు చిరునామా గానీ రాయలేదు. ఇంత జాగ్రత్త ఎవడికుంటుందని లోలోపల మురిసిపోయాను. వెధవ మురిపెం.

నగరిలో మా కూటం ఒక అవ్వ ఇంట్లో నడిచేది. నేతవాళ్ల వీధికీ మా వాళ్ల కాలనీకీ మధ్య సందులో చిన్న పెంకుటిల్లు. ఆమె మగ్గాలకు కావలసిన కండెలకు నూలు చుట్టి ఇచ్చి బతికేది. నేతవాళ్ల ఆడవాళ్లు కొందరు నూలు మూట తీసుకుని బుధవారం మధ్యాహ్నం అవ్వ ఇంటికి వచ్చేవాళ్లు. అవ్వ రాట్నం తిప్పుతూనే ప్రార్థన చేసేది, రాట్నం చప్పుడులో పాట బయటికి వినపడదని. అలా వచ్చేవాళ్లలో పెద్ద మగ్గాల షెడ్డు ఉన్న ఇంటి కోడలు ఒకామె ఉండేది. ఆ ఇంట్లో అత్తగారి మాటే మాట. రోజూ పూజ అయ్యాకే పొయ్యి వెలిగేది. ఆ కోడలి సంగతి బయటపడితే ఆమెకు ఆ ఇంట్లో చోటుండదని, ఒళ్లోని చంటిబిడ్డను కూడా ఇవ్వకుండా బయటికి పంపుతారని అవ్వ నాతో ఎన్నోసార్లు చెప్పింది.

నేను పేర్లు రాసుకోవడానికి వెళ్లినప్పుడు అవ్వ చెప్పనని మొండికేసింది. “పేర్లు దేవుని దగ్గర ఉండాయి గదా నాయనా, నీ పుస్తకంలో ఏంటికి?” అంది. నేను పద్ధతి గురించి ఉపన్యాసం దంచాను. రేపు నీకు ఏమైనా అయితే ఈ ఆడవాళ్లను ఎవరు చూసుకోవాలి అవ్వా అని, పాము కరిచిన ఆయన కథ చెప్పి భయపెట్టాను. పాపం, చివరికి ఒప్పుకుని ఏడు పేర్లు చెప్పింది. వీధి, ఇంటి యజమాని పేరు, మనిషి పేరు, గుండ్రటి అక్షరాలతో రాశాను. మొదటి పేరు షెడ్డువాళ్ల కోడలిది. ఏడింటికీ ఎదురుగా తెలియదు, తెలియదు, తెలియదు అని రాసుకుంటూ పోయాను.

అది సోమవారం. పుస్తకం పసుపుపచ్చ గుడ్డ సంచిలో పెట్టుకుని తిరుపతి బస్సెక్కాను. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ కాలంలో బట్టల కొట్లవాళ్లు ఇచ్చిన పచ్చ సంచి లేని చెయ్యి మన వైపు ఉండేది కాదు. సంచి పైన పెట్టి, కునికిపాట్లు పడి, తిరుపతిలో ఉలిక్కిపడి లేచి సంచి తీసుకుని దిగాను. ఇంటికి వచ్చి తెరిస్తే లోపల కిలో వంకాయలు, ఒక తమలపాకుల కట్ట ఉన్నాయి.

సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాను. మా ఆవిడ వంకాయలు చూసి లేతగా ఉన్నాయండీ అంది. ఆమెకేం చెప్పను? వంకాయలు పట్టుకుని బస్టాండుకు పరిగెత్తాను. ఆ బస్సు అప్పటికే నగరికి తిరిగి వెళ్లిపోయింది. విచారణ గదిలో కూర్చున్న ఆయన ఏం పుస్తకం అని అడిగాడు. పాటల పుస్తకం అన్నాను. “పాటల పుస్తకానికి ఇంత ఏడుపేందప్పా? ఇంకోటి కొనుక్కో పో” అని కిటికీ మూసేశాడు. వంకాయలు ఆ కిటికీ ముందే పెట్టేసి వచ్చాను.

మర్నాడు పొద్దున అదే బస్సు వస్తే కొత్త కండక్టరు సంగతి చెప్పాడు. సంచి దొరికిందట. ఎవరిదో అట్ట మీద లేకపోతే నిన్నటి కండక్టరు లోపల చూశాడట. మొదటి పేజీలోనే నగరిలో తనకు తెలిసినాయన పేరు కనపడిందట. మగ్గాల షెడ్డాయన. “మంచిదే అయిందిలే అని ఆయనకే ఇచ్చేసినాడంట సార్” అని నవ్వుతూ చెప్పాడు. చిరునామా రాయకుండా నేను మా ఆఫీసునైతే దాచుకున్నాను. ఆ పుస్తకానికి మిగిలిన చిరునామాలు ఆ ఏడుగురు ఆడవాళ్లవే.

అంతకంటే ఘోరమైన చేతికి అది చేరే వీలే లేదు. ఆ కోడలి భర్త చేతికే చేరింది. పరిగెత్తుకుపోయి అవ్వకు చెప్పాలి, ఆ అమ్మకు చెప్పాలి. అదే బస్సెక్కాను. బస్సు కదిలింది మొదలు చెవుల్లో ఏడుపులు, తలుపులు ధడేల్మన్న చప్పుళ్లు. ఆమెను జుట్టు పట్టి ఈడుస్తున్నట్టూ, నన్ను చూసి పదిమంది కర్రలు తీస్తున్నట్టూ కళ్లముందు కనపడుతోంది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను: పుత్తూరులో బస్సు ఆగితే దిగిపోయాను. దిగి, రోడ్డు దాటి, తిరుపతి బస్సెక్కి వెనక్కి వచ్చేశాను. ఏడుగురు ఆడవాళ్ల ప్రాణం మీదికి తెచ్చి, ఒక్కరికీ ఒక్క మాట చెప్పకుండా వచ్చి ఇంట్లో పడుకున్నాను.

బుధవారం ఇంకా ఘోరం. ఆఫీసులో గడియారం కింద కూర్చున్నాను. ఒంటిగంట అయింది. ఇప్పుడు ఆమె నూలు మూట తీసుకుంటుంది, ఇప్పుడు గడప దాటబోతుంటే ఎక్కడికి అని ఆపుతారు, ఇప్పుడు పుస్తకం ముందు పడేస్తారు. ప్రార్థన చేద్దామని మోకాళ్ల మీద కూర్చుంటే మాటలు రావడం లేదు. గేటు చప్పుడైతే చాలు లేచి కిటికీ దగ్గరికి పోతున్నాను. సాయంత్రం ఇక తట్టుకోలేక పెద్దయ్యగారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను, పుత్తూరులో దిగిపోయిన సంగతితో సహా. తిడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, పొద్దున మొదటి బస్సుకు ఇద్దరం పోదాం, ముందు ఆ అమ్మ కాళ్ల దగ్గర కూర్చుందాం, తర్వాత వాళ్లు ఏం చేస్తే అది పడదాం అన్నారు. ఆయన గొంతులోనూ భయం వినపడింది. అంతటి మనిషికే భయమైతే నా గతేంటి?

మొదటి బస్సుకు పోలేదు. తెల్లవారి మేం గుమ్మంలో చెప్పులు వేసుకుంటుండగానే ఆ షెడ్డాయనే వచ్చాడు. ముప్పై ఏళ్లు దాటని మనిషి, బక్కపలచన, చొక్కా మీద నూలు పోగులు. చంకలో మా పచ్చ సంచి. నగరిలో విచారిస్తే తిరుపతి స్టేషను వెనక ఆఫీసని ఎవరో చెప్పారట. ఆయన వెనక ఇంకా ఎవరైనా వస్తున్నారేమోనని నేను వీధి చివరి వరకు చూశాను. ఎవరూ లేరు. లోపలికి వచ్చి కూర్చోమన్నా కూర్చోకుండా, పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచి నా గడి మీద వేలు పెట్టాడు.

“ఈడ తెలీదు అని రాసినారే, తప్పు సార్. నాకు తెలుసు.”

ఏడాదిగా తెలుసట. బుధవారం కండెలు ఆలస్యంగా వస్తున్నాయని, ఒకరోజు అవ్వ ఇంటికి వెళ్లాడట. రాట్నం చప్పుడు వెనక పాట వినపడితే గోడ పక్కన నిలబడ్డాడట. “మా ఇంట్లో ఆమె ఎప్పుడూ పాడలేదు సార్. ఆడ పాడతా ఉండాది. ఎనిక్కి వచ్చేసినా” అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో కండెలు మిగిలి ఉన్నా బుధవారం బుధవారం ఆయనే వాళ్లమ్మకు వినపడేలా నూలు తీసుకుపొమ్మని కేకేసి పంపిస్తున్నాడట. “నిన్న కూడా పంపినా” అన్నాడు. నిన్న అంటే నేను గడియారం కింద కూర్చుని చచ్చిపోతున్న బుధవారం.

నాకు ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది, జేబులో కలం తీసి ‘తెలియదు’ కొట్టేసి ‘తెలుసు’ అని రాయబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతి పట్టు ఇప్పటికీ గుర్తుంది.

“రాయొద్దు సార్. నాకు తెలుసని ఆమెకు తెలిస్తే నేను ఏదో ఒకటి చెప్పాల. వద్దంటే ఆమె బతకదు. సరే అంటే మా అమ్మ ఒప్పుకోదు. ఆమెకు మాత్రం చెప్పొద్దు. ఇట్లే పోనీండి.”

మిగతా ఆరు పేర్లు తాను చదవలేదని, తన భార్య పేరు చూసి ఆడే మూసేసినానని అన్నాడు. అది నిజమో, మా ధైర్యం కోసం చెప్పాడో తెలియదు. ఆ ఆరిళ్లలోనూ ఏ గొడవా జరగలేదు. మంచినీళ్లు తాగి, పెద్దయ్యగారికి దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆయన సందు దాటాక అమ్మగారి పొయ్యిలో ఆ పేజీ కాల్చేశాను. పెద్ద రిజిస్టరులోంచి ఆ గడి తీసేశాను. ఆ రోజు నుంచి అలాంటి పేర్లు రాయడం మానేసి, ఒక్కో ఊళ్లో ఇద్దరు ఆడవాళ్ల నోట మాత్రమే ఉంచాం. ఒకరు పోతే ఇంకొకరు మూడో మనిషికి చెప్పాలి. బస్టాండులో గట్టిగా చెప్పలేనిది ఏదీ కాగితం మీద పెట్టకూడదని మా పెద్దలందరికీ నేర్పాను. తిరుపతి శిక్షణ తరగతిలో చప్పట్లు కొట్టించుకున్న మాట కూడా అదే. దాని వెనక ఏముందో చెప్పలేదు గానీ.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఏళ్లు గడిచాయి, అవ్వ పోయింది, పెద్దయ్యగారు పోయారు, షెడ్డాయన తల్లి కూడా పోయింది. ఆ పెద్దామె పోయిందని విన్నప్పుడు, ఇక భయం లేదు గదా, ఆ భార్యాభర్తల మధ్య ఆ మాట ఇప్పుడైనా బయటపడితే బాగుంటుందని నగరి వెళ్లాను. షెడ్డు బయట ఇద్దరం టీ తాగాం. నూలు ధర గురించి, కరెంటు కోతల గురించి మాట్లాడుకున్నాం. నీకు తెలుసని ఆమెకు చెప్పేయరాదా అప్పా అని నోటి చివరి దాకా వచ్చింది. అంతకాలం అలవాటైన దాన్ని కదిలిస్తే ఏమవుతుందో అని మళ్లీ నా పాడు భయం. ఆయనా ఎత్తలేదు. వచ్చేశాను.

రెండేళ్ల కిందట ఆయన జబ్బు చేసి చెన్నైలో ఆస్పత్రిలో కొన్నాళ్లుండి చనిపోయారు. పరామర్శకు వెళ్లాను. ఆ ఇల్లాలు గోడకు ఆనుకుని కూర్చుని, జనం కొంచెం పలచబడ్డాక నన్ను పిలిచి మెల్లగా చెప్పింది. ఇన్నేళ్లూ ఆయన్ను మోసం చేశానని, ఒక్కసారి కూడా ఆయన ముందు నిజం చెప్పలేకపోయానని, అంత మంచి మనిషిని అలాగే పంపించేశానని కుమిలిపోయింది. ఇక దాచలేకపోయాను. ఆయనకు తెలుసమ్మా అన్నాను. పుస్తకం సంగతి, బుధవారాల సంగతి, నా మణికట్టు పట్టుకున్న సంగతి అన్నీ చెప్పాను. ఆమె ముఖం తేటపడుతుందనుకున్నాను.

“ఇప్పుడు చెప్తాండారా సార్? ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన ఇరవై దినాలు ఉండినాను. పెదాలు కదిలితే చూస్తాడని గోడతట్టు తిరుక్కోని ప్రార్థన చేసుకున్నా. ఆయన తట్టు తిరిగి ఒక్కనాడు కూడా చేయలేదు” అంది. కోపంగా కూడా అనలేదు. నేను లేచి వచ్చేశాను.

ఇప్పుడు నగరిలో మావాళ్ల ప్రార్థన మందిరాలు నాలుగైదున్నాయి, బోర్డులున్నాయి, మైకులున్నాయి. బాప్తిస్మం తీసుకున్న మనిషి తల తుడుచుకోకముందే ఫోటో వాట్సాప్‌లో తిరుగుతుంది. మా రాట్నం చప్పుడు కాలం ఈ పిల్లలకు చెప్పినా నమ్మరు. నమ్మకపోవడమే మంచిదేమో. షెడ్డాయన ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉన్నారని నాకు అప్పుడే తెలుసు. పోయి చూడాలని రోజూ అనుకున్నాను. ఆయనకిచ్చిన మాట నిలబెడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి భయపడ్డాను. అప్పట్లో మా బస్సు గుంతల్లో పడి లేస్తూ నగరి చేరేసరికి రెండు గంటలు పట్టేది. ఇప్పుడు రోడ్డు పెద్దదయింది, కారులో గంట పట్టదంటున్నారు. ఇప్పుడు పోయి చెప్పాల్సిన మాట మాత్రం నా దగ్గర ఏదీ లేదు.